తీసేసిన కంపెనీయే "మళ్ళీ రా" అంటోంది: పాత సర్వీసుతోనా, కొత్తగానా?

పూసపాటిరేగ_బైపాస్ అడిగారు:

ఒక కార్మికుడి తరఫున అడుగుతున్నాను. ఊరు పూసపాటిరేగ మండలం, పని పైడిభీమవరం వైపు ఒక యూనిట్‌లో. కంపెనీ పేరు అనవసరం. 2017 ఏప్రిల్‌లో చేరిక, పర్మనెంటు ఆపరేటరు. చివరి నెల జీతం మొత్తం 16,400, అందులో బేసిక్, డీఏ కలిపి 13,000.

2025 జూన్‌లో టైఫాయిడ్ వచ్చి 19 రోజులు పనికి వెళ్ళలేదు. అందులో 12 రోజులకి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉంది, మిగతా 7 రోజులకి ఏ కాగితమూ లేదు. జూలై 11న వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. జూలై 21 తేదీతో ఉత్తరం వచ్చింది: "పది రోజులకు మించి సెలవు లేకుండా రానందున స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం మీ పేరు రోల్స్ నుంచి తొలగించడమైనది." (స్టాండింగ్ ఆర్డర్లంటే కంపెనీ సర్వీసు నిబంధనలు.) ఛార్జ్ మెమో లేదు, ఎంక్వయిరీ లేదు, నోటీసు జీతం లేదు.

ఇప్పుడు హెచ్ఆర్ వాళ్ళే ఫోన్ చేసి, "ఫుల్ అండ్ ఫైనల్ మీద సంతకం పెట్టి రా, కొత్త అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇస్తాం" అంటున్నారు. ఫుల్ అండ్ ఫైనల్ అంటే బాకీలన్నీ తీరాయని రాసుకునే ఆఖరి లెక్క కాగితం. జీతం పాతదే ఇస్తారట.

1) ఒప్పుకోవచ్చా? ఉద్యోగం ఎలాగూ వస్తోంది కదా అని ఇంట్లోవాళ్ళు అంటున్నారు.
2) కోర్టుకెళ్తే ఉద్యోగమే ఇప్పిస్తారా, డబ్బు ఇప్పించి పంపేస్తారా?
3) గడువు ఎంత ఉంది? ఏ ఆఫీసుకి వెళ్ళాలి, విజయనగరమా శ్రీకాకుళమా?

---

నాగావళి_గట్టు:

ముందు ఒక్కటి. ఆ ఫుల్ అండ్ ఫైనల్ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టొద్దు. మిగతాదంతా తర్వాత.

"మళ్ళీ తీసుకుంటాం" అనే మాట ఒకటే గానీ, దాని వెనక మూడు వేరువేరు కాగితాలు ఉండొచ్చు. గేటు లోపలికి వెళ్ళడం మూడింటిలోనూ ఉంటుంది. తేడా అంతా సర్వీసులో ఉంటుంది.

మొదటిది రీఇన్‌స్టేట్‌మెంట్. తీసేసిన ఆర్డరు రద్దవుతుంది, అసలు తీసేయనట్టే లెక్క. పాత టోకెన్ నంబరు, పాత సీనియారిటీ, మధ్యలో పడాల్సిన ఇంక్రిమెంట్లు అన్నీ అతనివే. బయట ఉన్న కాలానికి జీతం, అంటే బ్యాక్ వేజెస్, పూర్తిగా ఇవ్వొచ్చు, సగం ఇవ్వొచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు. అది వేరే లెక్క.

రెండోది ఫ్రెష్ అపాయింట్‌మెంట్. మీకు చెబుతున్నది ఇదే. పాత ఎనిమిదేళ్ళు అక్కడితో తెగిపోతాయి. రేపు ప్రొబేషన్ అంటారు, ఆరు నెలల తర్వాత "పని సంతృప్తికరంగా లేదు" అని ఒక్క లైను రాసి పంపేయొచ్చు. ఇక మనుషుల్ని తగ్గించాల్సి వస్తే "చివర వచ్చినవాడు ముందు పోవాలి" అన్నది సూత్రం. ఎనిమిదేళ్ళ సీనియర్ ఒక్క సంతకంతో ఆ వరసలో ఆఖరుకి చేరతాడు.

మూడోది రిట్రెంచ్‌మెంటు అయినవాళ్ళకి పునర్నియామకంలో ప్రాధాన్యం. పారిశ్రామిక వివాదాల చట్టం (కింద "పాత చట్టం" అన్నది ఇదే) 25హెచ్ సెక్షన్. మనుషులెక్కువై తీసేసిన కంపెనీ మళ్ళీ అదే పనికి మనుషుల్ని తీసుకుంటుంటే పాతవాళ్ళకి ముందు కబురు పెట్టాలి. 25ఎఫ్ ప్రకారం పరిహారం తీసుకుని వెళ్ళినవాళ్ళకే కాదు, రిట్రెంచ్ అయిన అందరికీ ఈ హక్కు ఉందని సెంట్రల్ బ్యాంక్ వర్సెస్ ఎస్. సత్యం కేసులో 1996లో సుప్రీం కోర్టు చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో (కింద "కొత్త కోడ్") ఇదే హక్కు 72వ సెక్షన్‌గా ఉంది. కాకపోతే అక్కడ తీసేసిన ఏడాది లోపు జరిగే నియామకాలకే అన్న హద్దు పెట్టారు. ఈ దారిలో వచ్చే ఉద్యోగానికి పాత సర్వీసు దానంతటదే కలవదు, బ్యాక్ వేజెస్ ఉండవు. మీ కేసు ఇది కాదు. హెచ్ఆర్ వాళ్ళు "రీ-ఎంప్లాయ్‌మెంట్" అని రాసిస్తే మాత్రం ఏ అర్థంలో రాశారో అడగండి.

ఇక రూపాయల్లో చూడండి. గ్రాట్యుటీ ఏడాదికి 13,000 × 15 ÷ 26 = 7,500. ఎనిమిదేళ్ళకి 60,000. "అది ఇచ్చేస్తాం కదా, నష్టమేంటి" అంటారు. నష్టం ఏంటంటే గ్రాట్యుటీ ఎప్పుడూ ఆఖరి జీతం మీద కడతారు. పదిహేనేళ్ళ తర్వాత బేసిక్, డీఏ 26,000 అయితే ఏడాదికి 15,000. సర్వీసు కలిసి ఉంటే ఇదే ఎనిమిదేళ్ళకి 1,20,000 వస్తుంది. తెగితే ఇవాళ్టి 60,000తో సరి. పైగా కొత్త సర్వీసులో గ్రాట్యుటీకి మళ్ళీ ఐదేళ్ళు మొదటి నుంచి లెక్క.

పెన్షన్ సంగతి ఇంకా ముఖ్యం. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ పెన్షన్‌కి 10 ఏళ్ళ సర్వీసు కావాలి. ఇతనికి 8 ఏళ్ళ 3 నెలలు. ఫుల్ అండ్ ఫైనల్‌తో పాటు ఫారం 10సి మీద కూడా సంతకం పెట్టించి పెన్షన్ డబ్బు విత్‌డ్రా చేయిస్తుంటారు. అది జరిగితే ఆ ఎనిమిదేళ్ళు పెన్షన్ లెక్కలోంచి పోయినట్టే. పీఎఫ్ కదపకుండా అదే యూఏఎన్‌లో (పీఎఫ్ ఖాతా నంబరులో) ఉంచితే ఫ్రెష్ అపాయింట్‌మెంట్ అయినా పెన్షన్ సర్వీసు కలుస్తుంది. ఇది చాలామంది చూసుకోరు.

కాబట్టి హెచ్ఆర్‌కి "రాను" అని చెప్పక్కర్లేదు. "వస్తాను, ఈ మాటలు రాసివ్వండి" అనాలి. సుమారుగా ఇలా:

"21-7-2025 నాటి లేఖను యాజమాన్యం ఉపసంహరించుకున్నది. కార్మికుణ్ణి పాత టోకెన్ నంబరుతో, అదే కేటగిరీలో, 2017 ఏప్రిల్ నుంచి సర్వీసు కొనసాగింపుతో విధుల్లోకి తీసుకున్నది. 11-7-2025 నుంచి తిరిగి చేరిన తేదీ వరకు గల కాలాన్ని సీనియారిటీకి, గ్రాట్యుటీకి, ఇంక్రిమెంట్లకు సర్వీసుగా లెక్కించును."

బ్యాక్ వేజెస్ మీద బేరం ఆడుకోవచ్చు. పై మూడు వాక్యాల మీద ఆడొద్దు. "ఆ కాలాన్ని డైస్‌నాన్‌గా రాస్తాం" అంటే ఆ నెలలు సర్వీసులోకి రావు గానీ సర్వీసు తెగిపోదు, ముందువి నిలబడతాయి. బ్యాక్ వేజెస్ వదులుకుని అంతవరకు దిగినా ఫ్రెష్ ఆర్డరు కంటే ఎన్నో రెట్లు నయం.

ఇది కంపెనీ లెటర్‌హెడ్ మీద కాకుండా లేబరాఫీసులో కన్సీలియేషన్ ఆఫీసరు (రాజీ కుదిర్చే అధికారి) ముందు సెటిల్‌మెంట్‌గా రాయించాలి. అలా రాయించిన దానికి చట్టబలం ఉంటుంది, రావాల్సిన డబ్బు రాకపోతే దాన్ని పట్టుకునే రికవరీకి వెళ్ళొచ్చు. హెచ్ఆర్ గదిలో రాసుకున్నదానికి ఆ బలం లేదు.

---

గంటస్తంభం_సెంటర్:

మూడో ప్రశ్నకి జవాబు. ఇల్లు ఎక్కడున్నది కాదు, పని ఎక్కడ చేశాడన్నది చూస్తారు. పైడిభీమవరం రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా. కాబట్టి శ్రీకాకుళం కార్మిక శాఖ ఆఫీసు. విజయనగరంలో ఇస్తే తీసుకున్నా తర్వాత "మా పరిధి కాదు" అని తిప్పి పంపుతారు, అప్పటికి రెండు మూడు నెలలు పోతాయి. కోర్టు స్థాయికి వెళ్తే రెండు జిల్లాలకీ విశాఖపట్నంలోని ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ కమ్ లేబర్ కోర్టే.

గడువు: పాత చట్టం 2ఎ సెక్షన్‌లో తీసేసిన రోజు నుంచి 3 ఏళ్ళు. కొత్త కోడ్‌లో వివాదం పుట్టిన 2 ఏళ్ళు దాటితే కన్సీలియేషన్ ఆఫీసరు తీసుకోడు. ఇతన్ని తీసేసింది పాత చట్టం అమల్లో ఉండగా, కాబట్టి మూడేళ్ళని వాదించొచ్చు. ఆ వాదన మనకెందుకు? 2027 జూలై 10 లోపు వేసేస్తే రెండు చట్టాల ప్రకారమూ గడువులోనే ఉంటాడు. అసలు అంతవరకు ఆగడమే తప్పు. ఆలస్యానికి కారణం చూపకపోతే ఆ నెలల బ్యాక్ వేజెస్ కోసేస్తారు.

ఇంకో చిన్న గడువు ఉంది, దీని దగ్గరే జారిపోతారు. కన్సీలియేషన్ కుదరలేదని రిపోర్టు ఇస్తారు. కొత్త కోడ్ ప్రకారం అది అందిన రోజు నుంచి 90 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కవరు మీద అందిన తేదీ రాసుకుని కవరు కూడా దాచండి.

లేబరాఫీసు అర్జీలో ఉండాల్సినవి: చేరిన తేదీ, హోదా, టోకెన్ నంబరు, ఆఖరి జీతం, గేటు ఆపిన తేదీ, ఉత్తరం తేదీ, ఎంక్వయిరీ లేదన్న మాట, కోరేది. కోరేది దగ్గర "న్యాయం చేయగలరు" అని రాసి వదిలేస్తారు. అలా కాదు. "సర్వీసు కొనసాగింపు, పూర్తి బ్యాక్ వేజెస్, ఇతర ప్రయోజనాలతో తిరిగి విధుల్లోకి తీసుకోవాలి" అని ఉండాలి. అడగనిది కోర్టు ఇవ్వడం కష్టం. మూడు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

కంపెనీకి కూడా ఒక డిమాండు లెటరు పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటర్‌లో రిజిస్ట్రేషన్, చేరినట్టు రుజువు రెండూ అడిగి తీసుకోండి. మామూలు స్పీడ్ పోస్టు వేసి ఊరుకోవద్దు.

లాయరు ఖర్చు గురించి: లీగల్ సర్వీసెస్ అథారిటీ చట్టం 1987లో 12వ సెక్షన్ చూడండి. ఉచిత న్యాయసహాయం దొరికేవాళ్ళ జాబితాలో "పారిశ్రామిక కార్మికుడు" అని విడిగా ఉంది. ఆదాయ పరిమితితో పని లేదు. కేసు నడిచేది విశాఖలో కాబట్టి అక్కడి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి.

---

పూసపాటిరేగ_బైపాస్:

చాలా ఉపయోగపడింది మాస్టారూ. ఇంకో మూడు సందేహాలు.

నిన్న కంపెనీ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది: "మేము మిమ్మల్ని తొలగించలేదు, మీరే రావడం లేదు, మూడు రోజుల్లో డ్యూటీలో చేరండి." ఇదేంటి, జూలై ఉత్తరంలో పేరు కొట్టేశామన్నారు కదా?

రెండోది, ఈ మధ్య అతను రోజుకూలికి తాపీ పనికి వెళ్తున్నాడు. అది చెప్తే బ్యాక్ వేజెస్ పోతాయా?

మూడోది, ఎంక్వయిరీ లేకుండా తీసేశారు కాబట్టి కేసు గెలిచినట్టేనా?

---

మస్టర్_రోల్:

ఆ రెండో ఉత్తరం తెలిసినవాళ్ళ సలహాతో వచ్చిందే. లెక్క ఇదీ: అతను వెళ్ళకపోతే రేపు కోర్టులో "రమ్మన్నాం, రాలేదు" అంటారు, ఆ రోజు నుంచి బ్యాక్ వేజెస్ పడిపోతాయి. వెళ్తే గేటు దగ్గర ఫ్రెష్ ఆర్డరు చేతిలో పెడతారు.

కాబట్టి వెళ్ళాలి, ఒట్టి చేతుల్తో కాదు. ఒక ఉత్తరం పట్టుకెళ్ళాలి: "మీ ఫలానా తేదీ లేఖ మేరకు డ్యూటీకి హాజరవుతున్నాను. నా పాత సర్వీసు, బ్యాక్ వేజెస్ హక్కులు వదులుకోవడం లేదు." గేటులో సెక్యూరిటీ దగ్గర ఇన్‌వర్డ్ సంతకం అడగండి. ఇవ్వరు. అప్పుడు అదే రోజు అదే ఉత్తరం కంపెనీ ఈమెయిల్‌కి, పోస్టులో, ఒక కాపీ లేబరాఫీసుకి పంపండి. లోపలికి పంపకుండా కొత్త ఆర్డరు మీద సంతకం అడిగారనుకోండి, ఆ సంగతి కూడా అదే రోజు రాసి పంపాలి. వారం తర్వాత రాస్తే కల్పించి రాశారంటారు. ఉత్తరంలో వేరే రాష్ట్రంలోని యూనిట్‌లో చేరమని ఉంటే అపాయింట్‌మెంట్ ఆర్డరులో ట్రాన్స్‌ఫర్ షరతు ఉందో లేదో ముందు చూడండి.

జూలై 21 ఉత్తరం అసలు కాపీ భద్రం. "తొలగించడమైనది" అన్న ఆ మాటే ఇప్పటి "తొలగించలేదు"కి జవాబు. పీఎఫ్ పోర్టల్లో డేట్ ఆఫ్ ఎగ్జిట్ వేశారేమో చూసి, వేసి ఉంటే ఇవాళే ప్రింటు తీయండి. తీసేయలేదన్నవాళ్ళు ఎగ్జిట్ ఎందుకు వేశారన్న ప్రశ్నకి కంపెనీ సాక్షి దగ్గర సమాధానం ఉండదు.

తాపీ పని సంగతి. దాచొద్దు. దీపాలి గుండు సుర్వసే కేసులో 2013లో సుప్రీం కోర్టు పద్ధతి చెప్పింది. తీసివేత తప్పని తేలితే బ్యాక్ వేజెస్‌తో తిరిగి తీసుకోవడం మామూలు నియమం. అయితే "నాకు వేరే చోట లాభదాయకమైన ఉద్యోగం లేదు, లేదా తక్కువ జీతానికి చేశాను" అని కార్మికుడు ముందు చెప్పాలి. చెప్పాక కాదని నిరూపించే భారం యజమాని మీద పడుతుంది. ఈ ఒక్క వాక్యం క్లెయిం స్టేట్‌మెంట్‌లోనూ (కోర్టుకిచ్చే అర్జీ) చీఫ్ అఫిడవిట్‌లోనూ (ప్రమాణం చేసి ఇచ్చే సాక్ష్యం) లేకపోవడం వల్లే బ్యాక్ వేజెస్ పోయిన కేసులు ఎక్కువ. లాయరు మర్చిపోతే మీరు గుర్తుచేయండి.

కూలి పని పర్మనెంటు ఉద్యోగంతో సమానం కాదు. "నెలకి సుమారు ఇన్ని రోజులు, రోజుకి ఇంత" అని నిజం రాస్తే మహా అయితే కొంత తగ్గిస్తారు. "ఖాళీగా ఉన్నాను" అని ప్రమాణం చేశాక వేరే కంపెనీలో పీఎఫ్ పడుతున్నట్టు బయటపడితే బ్యాక్ వేజెస్ ఒక్కటే కాదు, మిగతా సాక్ష్యం మీద కూడా నమ్మకం పోతుంది.

డబ్బు ఎంతంటే: కేసు 36 నెలలు పట్టిందనుకుంటే పూర్తి బ్యాక్ వేజెస్ 16,400 × 36 = 5,90,400. సగం ఇస్తే 2,95,200. సెటిల్‌మెంట్ బేరానికి కూర్చునేటప్పుడు ఈ రెండు అంకెలూ చేతిలో ఉండాలి.

---

తోటపల్లి_కాలువ:

పై ముగ్గురూ చెప్పింది సరే. మూడో సందేహానికి మాత్రం "గెలిచినట్టే" అని అనుకోవద్దు. నేను కాస్త అడ్డం మాట్లాడతాను.

మంచి పాయింట్లు ఉన్నాయి. డి.కె. యాదవ్ వర్సెస్ జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్, 1993. అందులోనూ ఇదే తంతు: ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం పోయినట్టే అని స్టాండింగ్ ఆర్డరు. ఎంక్వయిరీ లేకుండా, అతని మాట వినకుండా అలా తీసేయడం చెల్లదని చెప్పి, ఉద్యోగం, 50 శాతం బ్యాక్ వేజెస్ ఇప్పించారు. సగమే ఎందుకంటే తప్పు రెండు వైపులా కొంత కొంత ఉందని. ఇతనికీ కాగితం లేని 7 రోజులు ఉన్నాయి కాబట్టి ఆ సగం అంకె గుర్తుంచుకోండి. ఇంకోటి, రాలేదని పేరు కొట్టేయడం కూడా రిట్రెంచ్‌మెంటే అని రాబర్ట్ డిసౌజా కేసులో 1982లో చెప్పారు. అంటే నెల నోటీసు లేదా నోటీసు జీతం, ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం ముందే ఇవ్వాలి. ఇవ్వలేదు.

ఇప్పుడు రెండో వైపు. ఎంక్వయిరీ లేకపోయినా, చేసింది చెల్లకపోయినా, కంపెనీ నేరుగా కోర్టులోనే ఆరోపణ నిరూపించుకోవచ్చు. 1973 ఫైర్‌స్టోన్ టైర్ కేసు నుంచి ఇది స్థిరపడిన మాట. అయితే ఆ అవకాశం కావాలని తమ కౌంటరులోనే (జవాబు కాగితంలోనే) అడగాలని 2001లో లక్ష్మీదేవమ్మ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కంపెనీ కౌంటరు రాగానే ఆ పేరా ఉందో లేదో మీ లాయరు చూడాలి. లేకుండా సాక్ష్యం పెట్టబోతే వెంటనే అభ్యంతరం చెప్పాలి, వాదనల రోజున చెప్తే లాభం లేదు.

గైర్హాజరు నిరూపణ అయినా పాత చట్టం 11ఎ సెక్షన్ కింద శిక్ష మరీ ఎక్కువని కోర్టు తగ్గించొచ్చు. ఎనిమిదేళ్ళలో పాత మెమోలు లేకపోతే అది పెద్ద బలం. ఆ 7 రోజులకి కాగితం లేదంటున్నారు గానీ, టైఫాయిడ్‌కి రక్తపరీక్ష రిపోర్టు, మందుల బిల్లు, సూపర్‌వైజరుకి పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఏదో ఒకటి ఉంటుంది. వెతికించండి. ఆ ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్లకి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ అడుగుతారు, అసలు ఫోన్ ఉండాలి. ఈఎస్ఐ 12 రోజులకి సిక్‌నెస్ బెనిఫిట్ డబ్బు పడిందా, ఏ తేదీల మధ్య పడిందో కూడా తీయండి. ఆ బెనిఫిట్ అందుకుంటున్న కాలంలో ఉద్యోగంలోంచి తీసేయకూడదని అప్పటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్. పేరు కొట్టేసిన తేదీ ఆ కాలంలో పడుతుందో లేదో చూసుకోవడం ఒక్క నిమిషం పని.

ఉద్యోగమా, డబ్బా అన్న రెండో ప్రశ్నకి. పర్మనెంటు పోస్టు, యూనిట్ నడుస్తోంది, దొంగతనం, నగదు లాంటి ఆరోపణ లేదు, వయసు ఉంది. ఇలాంటి చోట ఉద్యోగం ఇప్పించే అవకాశమే ఎక్కువ. డబ్బుతో ముగించేది వేరే రకాల కేసుల్లో: రోజుకూలీగా కొద్ది కాలం చేసి 25ఎఫ్ ఒక్కటే పాటించనప్పుడు (2009 జగ్బీర్ సింగ్ కేసులో 50,000 రూపాయలతో సరిపెట్టారు, భూరుమల్ కేసులోనూ ఇదే తోవ), యూనిట్ మూతపడినప్పుడు, రిటైర్మెంటు వయసు దాటినప్పుడు, క్యాషియరు, వాచ్‌మన్ లాంటి నమ్మకం మీద నడిచే పనుల్లో. యూనియన్లో ఎవరైనా "ఈ రోజుల్లో కోర్టులు ఉద్యోగాలివ్వడం లేదు, ఇచ్చింది పుచ్చుకో" అంటే ఏ రకం కేసు చూసి అంటున్నారో అడగండి.

ఇంకో అడ్డం కూడా రావొచ్చు. "అతను ఆపరేటరు కాదు, షిఫ్ట్ ఇన్‌ఛార్జి, కార్మికుడే కాదు" అంటారు. సూపర్‌వైజరు పని చేస్తూ జీతం పాత చట్టంలో 10,000, కొత్త కోడ్‌లో 18,000 దాటితే వర్కర్ నిర్వచనంలోకి రారు. ఇక్కడ పాత చట్టం లెక్క పెడితే ఇతని 16,400 ఆ హద్దు దాటినట్టే, కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే వాదన కాదు. హోదా పేరు కాదు, చేసిన పని చూస్తారు. లాగ్‌బుక్‌లో మిషను రీడింగులు రాసింది ఎవరు, ఇతరులకి సెలవు మంజూరు చేసే అధికారం ఉందా అన్నవి తేలుస్తాయి.

---

కోటజంక్షన్:

మధ్యలో దూరుతున్నాను. ప్రైవేటు స్కూలు టీచర్లకి ఇదే దారా? ఇంకోటి, యూట్యూబ్‌లో ఒకాయన "తిరిగి తీసుకోకపోతే 26 నుంచి 52 వారాల జీతం ఇవ్వాలి" అన్నాడు. మన దగ్గర ఉందా?

---

నాగావళి_గట్టు:

టీచర్లది ఈ దారి కాదు. టీచరు "వర్క్‌మన్" కాదని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. వాళ్ళకి రాష్ట్ర విద్యా చట్టం కింద చూసుకోవాలి. అదే స్కూలు బస్సు డ్రైవరు, క్లర్కు అయితే లేబర్ కోర్టుకి రావొచ్చు.

ఆ 26–52 వారాలు బ్రిటన్ లెక్క. అక్కడి 1996 చట్టంలో పాత పోస్టులోకే తీసుకోవడం ఒకటి, దానికి దగ్గరి వేరే పోస్టులో తీసుకోవడం ఇంకొకటి, రెండు విడివిడి ఆర్డర్లు. ట్రిబ్యునల్ ఆర్డరిచ్చినా యజమాని తీసుకోకపోతే పరిహారం మీద అదనంగా ఆ వారాల జీతం వేస్తారు. అంటే అక్కడ యజమాని డబ్బు కట్టి తప్పించుకోవచ్చు. మన దగ్గర అవార్డు (లేబర్ కోర్టు తీర్పు) అమల్లో ఉన్నంతకాలం తీసుకోకపోయినా జీతం నడుస్తూనే ఉంటుంది. ఆ వీడియో చూసి ఇక్కడ క్లెయిం రాయకండి.

---

మస్టర్_రోల్:

అవార్డు వచ్చాక ఏం చేయాలో ఎవరూ రాయలేదు, అక్కడా తప్పులు జరుగుతాయి.

పాత చట్టం ప్రకారం అవార్డు ప్రచురించిన 30 రోజుల తర్వాత అమల్లోకి వస్తుంది. అమల్లోకొచ్చిన రోజున కార్మికుడు రాతపూర్వకంగా డ్యూటీకి రిపోర్టు చేయాలి. కంపెనీ పిలుస్తుందని ఇంట్లో కూర్చుంటే "ఉద్యోగం మీద ఆసక్తి లేదు" అన్న వాదనకి మీరే దారి ఇచ్చినట్టు.

కంపెనీ హైకోర్టులో రిట్ వేసి స్టే తెచ్చుకుంటుంది. అప్పుడు పాత చట్టంలోనైతే 17బి సెక్షన్ దరఖాస్తు వేయాలి. కేసు తేలేవరకు ఆఖరి జీతం, ఇక్కడ 16,400, నెల నెలా ఇవ్వాలి. కొత్త కోడ్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. వేరే సంస్థలో ఉద్యోగం లేదని అఫిడవిట్ వేస్తేనే వస్తుంది, అడగకపోతే ఎవరూ ఇవ్వరు. రేపు కంపెనీ గెలిచినా ఆ డబ్బు తిరిగి కట్టక్కర్లేదని దేనా బ్యాంక్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది.

స్టే లేదు, తీసుకోవడమూ లేదంటే బ్యాక్ వేజెస్ వసూలుకి పాత చట్టంలో 33సి. అంకె అవార్డులోనే తేలి ఉంటే 33సి(1), కలెక్టరు ద్వారా రెవెన్యూ రికవరీ. లెక్క కట్టాల్సి ఉంటే 33సి(2), మళ్ళీ లేబర్ కోర్టు. అందుకే అవార్డు అడిగేటప్పుడే ఆఖరి జీతం అంకె రికార్డులోకి ఎక్కించాలి. పే స్లిప్పు మార్కు చేయించకుండా వదిలేస్తే ఇంకో రెండేళ్ళు ఈ లెక్క మీదే పోతాయి.

బ్యాక్ వేజెస్ చేతికొచ్చేటప్పుడు పీఎఫ్ కోసుకున్నారా, యజమాని వాటా కట్టారా, ఏ నెలలకి కట్టారో పాస్‌బుక్‌లో చూసుకోండి. మొత్తం ఒకే నెలలో వేస్తే పెన్షన్ సర్వీసులో ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. నెలల వారీగా వేయమని రాసివ్వాలి.

---

పూసపాటిరేగ_బైపాస్:

రేపు పొద్దున గేటుకి వెళ్తున్నాడు, ఉత్తరం మూడు కాపీలు తయారు చేశాం. పీఎఫ్ పోర్టల్లో ఎగ్జిట్ తేదీ 20-7-2025 అని వేసి ఉంది, ప్రింటు తీశాం. గేటు దగ్గర ముందు మెడికల్ టెస్టుకి వెళ్ళమంటే వెళ్ళొచ్చా?

---

తోటపల్లి_కాలువ:

వెళ్ళొచ్చు. కానీ టెస్టు ఫారం పైన "ప్రీ-ఎంప్లాయ్‌మెంట్" అని ఉంటే అది కొత్తగా చేరేవాళ్ళ ఫారం. దాన్ని కొట్టేసి "పీరియాడికల్" అని రాయించండి, లేదా సంతకం కింద "పాత సర్వీసు హక్కులకు లోబడి" అని రాసి ఫోటో తీసుకోండి. టోకెన్ నంబరు గడిలో పాత నంబరే వేయమనండి.